కేబుల్ బాక్స్‌ని ఆపే పని రిమోట్‌ది కాదు

ఈమధ్య ఒక శిక్షణ తరగతికి వెళ్లాను. హోమ్ థియేటర్ రిమోట్లు ప్రోగ్రామ్ చేసేవాళ్ల కోసం పెట్టిన క్లాసు అది. 'సిస్టమ్ ఆఫ్' మాక్రో, అంటే ఒక్క నొక్కుతో వరసగా చాలా ఆదేశాలు పంపే జాబితా, ఎలా రాయాలో చెబుతూ ఇన్‌స్ట్రక్టర్ టీవీ ఆఫ్, రిసీవర్ (అన్ని పరికరాల బొమ్మా, శబ్దం కలిసే పెట్టె) ఆఫ్, బ్లూరే ఆఫ్ అని వరసగా రాశాడు. కేబుల్ బాక్స్ దగ్గరికొచ్చేసరికి "దీన్ని వదిలేయండి" అని ముందుకెళ్లిపోయాడు. వెనక వరసలో ఒక కుర్రాడు చెయ్యెత్తాడు. "అన్నీ ఆపి దీన్నొక్కదాన్నే ఎందుకు వదిలేయాలి? కరెంటు బిల్లు కట్టేది కస్టమరే కదా?" అని అడిగాడు. "ఎప్పట్నుంచో అలాగే చేస్తున్నాం" అన్నాడు ఇన్‌స్ట్రక్టర్.

ఆ జవాబు నాకు సరిపోలేదు. కారణం చెప్పకుండా వదిలేయమంటే ఆ కుర్రాడు తన మొదటి ప్రాజెక్టులోనే పవర్ బటన్‌ని మాక్రోలో పెట్టేస్తాడు. అడిగిన ప్రశ్నలో న్యాయం ఉంది మరి. పైగా 'ఎప్పుడూ ఆన్‌లో వదిలేయండి' అన్న పాత సలహా ఇప్పటి బాక్సులతో సగమే పనిచేస్తుంది. వాటంతట అవే నిద్రపోతున్నాయి కాబట్టి.

డాలస్ చుట్టుపక్కల ఇళ్లలో ఈ పని చేస్తూ నాకు కుదిరిన అభిప్రాయం ఇది: రిమోట్ కేబుల్ బాక్స్‌ని లేపాలి. ఆపడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. ఎప్పుడు పడుకోవాలో బాక్స్ చూసుకుంటుంది. దీనికి ఎదురుగా ఉన్న వాదనలు చిన్నవి కావు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఒకే బటన్, రెండు పనులు

టీవీలకీ, ఏవీ రిసీవర్లకీ చాలావరకు ఆన్‌కి ఒక కోడ్, ఆఫ్‌కి ఇంకో కోడ్ ఉంటాయి. కంపెనీ ఇచ్చిన రిమోట్ మీద ఆ రెండు బటన్లు కనబడకపోయినా లోపల పరికరానికి ఆ కోడ్లు తెలుసు. 1998లో ఫిలిప్స్ ప్రాంటో టచ్‌స్క్రీన్ రిమోట్ వచ్చాక, ఇలా దాగి ఉన్న కోడ్లను వెతికి పట్టుకుని ఒకరికొకరు ఇచ్చుకోవడం ఔత్సాహికులకి పెద్ద వ్యాపకమైంది. ఆన్ కోడ్ ఎన్నిసార్లు పంపినా టీవీ ఆన్‌లోనే ఉంటుంది. దానివల్లే మాక్రో రాయడం సాధ్యమవుతుంది. పరికరం ప్రస్తుతం ఏ స్థితిలో ఉందో తెలియకపోయినా, చివరికి ఏ స్థితిలో ఉండాలో చెప్పొచ్చు.

చాలా కేబుల్ బాక్సులకి ఈ సౌకర్యం లేదు. అమెరికాలో ఏళ్ల తరబడి ఇంటింటా ఉన్నవి మోటరోలా, సైంటిఫిక్ అట్లాంటా బాక్సులు. నేను చూసిన వాటన్నిటికీ పవర్ ఒకే కోడ్: ఆన్‌లో ఉంటే ఆఫ్ అవుతుంది, ఆఫ్‌లో ఉంటే ఆన్ అవుతుంది. దీన్నే మేం టాగుల్ అంటాం. ఒక్కసారి లెక్క తప్పిందంటే ఇక అంతా తలకిందులే. సినిమా చూద్దామని బటన్ నొక్కితే టీవీ వెలుగుతుంది, రిసీవర్ లేస్తుంది, బాక్స్ మాత్రం పడుకుంటుంది. రాత్రి అన్నీ ఆపితే బాక్స్ ఒక్కటీ లేచి కూర్చుంటుంది. మళ్లీ నొక్కినా అదే వరస.

లెక్క తప్పడానికి ఎన్ని దారులో. ర్యాక్‌లో బాక్స్ ముందు అతికించిన ఐఆర్ ఎమిటర్ (రిమోట్ కోడ్లని కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుగా పంపే చిన్న బల్బు) జిగురు వదిలి కిందికి జారుతుంది, ఒక కోడ్ అందదు. ప్రోగ్రామర్ కోడ్‌ని కాస్త ఎక్కువసేపు పంపేలా పెడితే బాక్స్ దాన్ని రెండు నొక్కులుగా తీసుకుంటుంది: ఆన్, వెంటనే ఆఫ్. ఇంట్లో ఎవరో సోఫా కింద దొరికిన అసలు రిమోట్‌తో బాక్స్‌ని ఆపుతారు. గాలివానకి కరెంటు పోయి వస్తుంది. కరెంటు వచ్చాక కొన్ని బాక్సులు ఆన్‌లోకి వస్తాయి, కొన్ని ఆఫ్‌లో ఉండిపోతాయి, కొన్ని పాత స్థితిని గుర్తుపెట్టుకుంటాయి.

ఇంత చిన్న లోపాన్ని తయారీదారులు ఎందుకు సరిచేయలేదు? నాకు తోచిన కారణం ఒకటే. బాక్స్ తయారుచేసే కంపెనీకి కస్టమర్ కేబుల్ కంపెనీ. ఇంటాయన ఆ పెట్టెకి నెలనెలా అద్దె కట్టేవాడు మాత్రమే. ఇరవై వేల డాలర్ల థియేటర్ కట్టుకున్నవాడి సణుగుడు తయారీదారు దాకా వెళ్లే దారి లేదు. పోటీలో ఉన్న శాటిలైట్ బాక్సుల్ని చూడండి. డైరెక్‌టీవీ రిసీవర్లకి ఆన్, ఆఫ్ కోడ్లు విడివిడిగా ఉన్నాయి, తర్వాత నెట్‌వర్క్ ద్వారా నడిపే వీలు కూడా ఇచ్చారు. మా వృత్తిలో చాలామంది ఇన్‌స్టాలర్లు కస్టమర్‌కి డైరెక్‌టీవీ పెట్టించుకోమని సలహా ఇవ్వడానికి అదీ ఒక కారణం. కేబుల్ వైపు ఒక మంచి అవకాశం వచ్చి పోయింది. 2004 ఏప్రిల్ 1 నుంచి కస్టమర్ అడిగితే పనిచేసే 1394 పోర్టు, అంటే ఫైర్‌వైర్, ఉన్న హెచ్‌డీ బాక్స్ ఇవ్వాలని అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధన పెట్టింది. ఆ తీగ మీద 'నువ్వు ఆన్‌లో ఉన్నావా' అని బాక్స్‌ని అడిగి జవాబు తెచ్చుకునే ఆదేశం ప్రమాణంలోనే ఉంది. కంప్యూటర్‌తో రికార్డింగులు చేసుకునే హాబీ మనుషులు దాన్ని వాడుకున్నారు గానీ, రిమోట్ పరిశ్రమలో అది పాతుకోలేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

గుంటూరు నుంచి వచ్చిన పెద్దావిడ

ఒక తెలుగువాళ్ల ఇంట్లో సిస్టమ్ పెట్టారు. పెట్టింది మేం కాదు, వేరే వాళ్లు. అన్నీ బాగా నడిచి, ఉన్నట్టుండి వారానికి నాలుగు సార్లు 'నో సిగ్నల్' అని తెర నల్లబడటం మొదలైందట. నన్ను పిలిచారు. మాక్రోలు తెరిచి చూస్తే 'వాచ్ టీవీ'లోనూ, 'సిస్టమ్ ఆఫ్'లోనూ బాక్స్ పవర్ కోడ్ ఉంది. మరి ఇన్నాళ్లు ఎలా నడిచింది?

కొడుకు దగ్గర ఆరు నెలలు ఉందామని గుంటూరు నుంచి వచ్చిన పెద్దావిడ పక్క గదిలోంచి వచ్చారు. మధ్యాహ్నం పూట వంటల చానెల్ పెట్టుకుంటారట. మాటలు అర్థం కాకపోయినా చేతులు చూస్తే తెలుస్తుంది కదా అన్నారు. టచ్‌స్క్రీన్ రిమోట్ ఆవిడకి నచ్చలేదు, కేబుల్ వాళ్లు ఇచ్చిన రిమోట్ వాడతారు.

"రాత్రి పడుకునే ముందు ఆ పెట్టె ఆపుతున్నారా అమ్మగారూ?" అని అడిగాను.

"ఆపకుండా ఎలా పడుకుంటాం బాబూ? మా ఇంట్లో అయితే గోడ మీద స్విచ్చే తీసేస్తాను. ఇక్కడ ప్లగ్గులకి స్విచ్చులే లేవాయె!"

ఆవిడ చేసినదాంట్లో తప్పేమీ లేదు. హైదరాబాద్‌లోనైనా గుంటూరులోనైనా సాకెట్ పక్కన స్విచ్ ఉంటుంది, రాత్రి తీసేస్తాం, పొద్దున వేస్తాం. ఇక్కడి సాకెట్లకి ఆ స్విచ్ ఉండదు. ఉన్న ఒక్క ఎర్ర బటన్‌తో ఆవిడ బాధ్యతగా ఆపుతున్నారు. అప్పటికే కొడుకు సిస్టమ్ ఆఫ్ నొక్కి బాక్స్‌ని పడుకోబెట్టి ఉంటే ఆవిడ నొక్కుతో అది లేచేది.

వాళ్లబ్బాయి నన్ను అడిగింది, "ఆ రిమోట్ దాచేయమంటారా?" అని. వద్దన్నాను. ఇంట్లో ఒక మనిషికి తెలిసిన రిమోట్‌ని దాచేస్తే తప్ప నడవని సిస్టమ్‌ని నేను నిలబడి సమర్థించలేను. రెండు మాక్రోల్లోంచీ పవర్ కోడ్ తీసేసి, దాని బదులు బాక్స్‌ని లేపే కీ ఒకటి పెట్టాను. ఆ రోజు నుంచి ఆవిడ ఎన్నిసార్లు ఆపినా, ఎన్నిసార్లు ఆపకపోయినా కొడుకు రిమోట్‌కి తేడా తెలియలేదు.

గుర్తుపెట్టుకునే రిమోట్లు

ఈ సమస్యకి ముందుగా వచ్చిన జవాబు, స్థితిని రిమోటే గుర్తుపెట్టుకోవడం. లాజిటెక్ హార్మనీ రిమోట్లు దీన్ని ఇంటింటికీ చేర్చాయి. పరికరాల పేర్లు కాకుండా 'టీవీ చూడు', 'పాటలు విను' అని పనుల పేర్లు పెట్టి, ఏ పరికరం ఆన్‌లో ఉందో లోపల లెక్క రాసుకునేవి. లెక్క తప్పితే హెల్ప్ బటన్ నొక్కాలి. టీవీ ఆన్ అయిందా, బాక్స్ ఆన్ అయిందా అని ఒక్కొక్కటే అడిగి సరిచేసేది. 2021 ఏప్రిల్‌లో లాజిటెక్ వాటి తయారీ ఆపేసినట్టు ప్రకటించింది, అయినా ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్నాయి. మంచి రిమోట్లు అవి. కానీ హెల్ప్ బటన్ ఉండటమే ఆ పద్ధతి పరిమితి ఏమిటో చెబుతోంది. రిమోట్ రాసుకున్నది అది పంపిన ఆదేశాల లెక్క. బాక్స్‌కి నిజంగా ఏం జరిగిందన్నది ఆ లెక్కలో లేదు.

హార్మనీ సెటప్‌లోనే పరికరాన్ని 'ఎప్పుడూ ఆన్‌లో ఉంచు' అనే ఎంపిక ఉండేది. కేబుల్ బాక్స్‌కి అది పెట్టుకున్నవాళ్లకి హెల్ప్ బటన్ అవసరం బాగా తగ్గేది.

కంట్రోల్4, క్రెస్ట్రాన్, ఆర్‌టీఐ లాంటి పెద్ద సిస్టమ్‌లలో ఈ లెక్క ఒక వేరియబుల్‌లో ఉంటుంది. అవి రిసీవర్‌తో సీరియల్ తీగ మీదో, నెట్‌వర్క్ మీదో మాట్లాడి జవాబు తెచ్చుకోగలవు. ఐఆర్‌తో మాత్రమే నడిచే కేబుల్ బాక్స్ దగ్గర ఎంత ఖరీదైన ప్రాసెసర్ అయినా హార్మనీ ఉన్న చోటే ఉంటుంది. ఐఆర్ ఒకవైపు దారి. జవాబు తిరిగి రాదు.

సెన్సార్ పెడితే?

సెన్సార్‌ని నేను తీసిపారేయను. పూర్వం మా వాళ్లు చాలా తెలివైన పద్ధతులు కనిపెట్టారు. పాత కేబుల్ బాక్సుల వెనక ఒక చిన్న కరెంటు సాకెట్ ఉండేది, టీవీని దానికి తగిలించుకోవడానికి. బాక్స్ ఆన్ చేస్తే ఆ సాకెట్‌లోకి కరెంటు వచ్చేలా, ఆఫ్ చేస్తే పోయేలా పెట్టుకోవచ్చు. ఇన్‌స్టాలర్లు ఆ సాకెట్‌కి ఒక చిన్న అడాప్టర్ తగిలించి, దాని వోల్టేజిని రిమోట్ బేస్ స్టేషన్‌లోని సెన్సార్ పోర్టుకి కలిపేవాళ్లు. వోల్టేజి ఉంటే బాక్స్ ఆన్, లేకపోతే ఆఫ్. ఇంకో పద్ధతి, ఖాళీగా ఉన్న కాంపోజిట్ వీడియో జాక్‌కి వీడియో సెన్సార్ తగిలించడం. బొమ్మ వస్తోందంటే బాక్స్ ఆన్‌లో ఉన్నట్టే.

బాక్సులు చిన్నవైపోయి, వెనక హెచ్‌డీఎంఐ తప్ప ఇంకేమీ మిగలకపోయేసరికి ఈ రెండు పద్ధతులూ వెనకబడ్డాయి. అప్పుడు మిగిలింది కరెంటు సెన్సార్: బాక్స్ ఎంత కరెంటు లాగుతోందో చూసి స్థితి చెప్పడం. ప్రొజెక్టర్‌కీ, టీవీకీ ఇది చక్కగా పనిచేస్తుంది. ఆన్‌లో ఉంటే పదుల నుంచి వందల వాట్లు, ఆఫ్‌లో ఉంటే దాదాపు సున్నా. కార్యక్రమాల్ని డిస్క్ మీద రికార్డు చేసే పాత డీవీఆర్ కేబుల్ బాక్స్ దగ్గర మాత్రం ఇది చేతులెత్తేసేది. ఆన్‌లో ఉన్నా, ఆఫ్‌లో ఉన్నా అది లాగే కరెంటులో తేడా కొద్ది వాట్లే.

ఆ కొద్ది వాట్ల సంగతి తెలిశాకే నా అభిప్రాయం గట్టిపడింది.

ఆపితే ఎంత మిగులుతుంది?

డీవీఆర్ ఉన్న బాక్స్‌ని పవర్ బటన్‌తో 'ఆపితే' ఏం జరిగేది? తెరకి బొమ్మ వెళ్లడం ఆగిపోయేది, ముందున్న చానెల్ నంబర్ పోయి గడియారం వచ్చేది. లోపల ట్యూనర్లు నడుస్తూనే ఉండేవి, హార్డ్ డిస్క్ తిరుగుతూనే ఉండేది, గైడ్ సమాచారం దిగుతూనే ఉండేది. తెల్లవారుజామున రికార్డు కావాల్సిన సీరియల్ ఉంటే అది రికార్డు కావాలి కదా.

2011 జూన్‌లో నేచురల్ రిసోర్సెస్ డిఫెన్స్ కౌన్సిల్ అనే పర్యావరణ సంస్థ ఈ బాక్సుల మీద ఒక నివేదిక ఇచ్చింది. అమెరికాలోని సెట్‌టాప్ బాక్సులన్నీ కలిపి 2010లో సుమారు 2,700 కోట్ల యూనిట్ల కరెంటు వాడాయని, దాని ఖరీదు ఏడాదికి 300 కోట్ల డాలర్లని లెక్కగట్టింది. అందులో మూడింట రెండు వంతులు, ఎవరూ టీవీ చూడనప్పుడు అయిన ఖర్చు. ఒక హెచ్‌డీ డీవీఆర్, దానితోపాటు ఇంకో గదిలో మామూలు హెచ్‌డీ బాక్స్ ఉన్న ఇంట్లో ఆ రెండూ కలిసి ఏడాదికి 446 యూనిట్లు తినేవి. కొత్త ఫ్రిజ్ కన్నా ఎక్కువ. భాగిస్తే రాత్రీ పగలూ దాదాపు 51 వాట్లు నిరంతరం.

ఈ నివేదిక చదివిన ఎవరికైనా మొదట వచ్చే ఆలోచన క్లాసులో కుర్రాడిదే: మరి రిమోట్‌తో ఆపేయొచ్చు కదా? మళ్లీ చదివితే అందులో ఉన్నది దానికి వ్యతిరేకం. ఆపినా ఆ ఖర్చు ఆగదు, సమస్యే అది. ఒక లెక్క వేసి చూద్దాం. ఆఫ్ నొక్కితే రెండు వాట్లు తగ్గాయనుకుందాం. రోజుకి పదహారు గంటల చొప్పున ఏడాదికి మిగిలేది పన్నెండు యూనిట్ల లోపు. యూనిట్ పదిహేను సెంట్లు అనుకుంటే రెండు డాలర్లు కూడా కాదు. ఆ రెండు డాలర్ల కోసం ఇంట్లో వాళ్లు తరచూ నల్ల తెర ముందు కూర్చుని విసుక్కోవాలా?

ఖర్చు చివరికి ఎలా తగ్గిందో కూడా చూడాలి. 2012 డిసెంబరులో కేబుల్, శాటిలైట్, టెలికం కంపెనీలు, తయారీదారులు కలిసి ఒక స్వచ్ఛంద ఒప్పందం ప్రకటించారు. 2014 నుంచి కొనే కొత్త బాక్సుల్లో నూటికి 90 ఎనర్జీ స్టార్ 3.0 ప్రమాణానికి సరిపోవాలన్నది అందులో ముఖ్యమైన మాట. ఏడాది తర్వాత అమెరికా ఇంధన శాఖ ఆమోదంతో ఇంధన పొదుపు సంస్థలు కూడా అందులో చేరాయి. అప్పటికే ఇళ్లలో ఉన్న కోటికి పైగా డీవీఆర్‌లకి 'లైట్ స్లీప్' అనే సాఫ్ట్‌వేర్ కేబుల్ తీగ మీదే పంపుతామన్నారు. వాడకం లేనప్పుడు బాక్స్ తనకి తానే కొన్ని భాగాల్ని ఆపుకోవడం అది. గదికో డీవీఆర్ బదులు ఇంటికంతా ఒక పెద్ద బాక్స్, మిగతా గదుల్లో చిన్న బాక్సులు అన్న పద్ధతి వ్యాపించడం ఇంకో మేలు. ఏ రికార్డింగ్ ఎప్పుడు మొదలవ్వాలో, డిస్క్ ఎప్పుడు ఆగొచ్చో తెలిసింది బాక్స్‌కే. రిమోట్‌కి అందులో ఏదీ తెలియదు. అందుకే ఆ నిర్ణయం బాక్స్ చేతిలో ఉండాలంటాను.

'అయితే ర్యాక్‌లో నెట్‌వర్క్‌తో నడిచే పవర్ స్ట్రిప్ ఉంది కదా, రాత్రికి మొత్తం కరెంటే తీసేద్దాం' అనేవాళ్లూ ఉన్నారు. నేను గట్టిగా వద్దంటాను. కరెంటు తీసి పెడితే బాక్స్ మొదటి నుంచి బూట్ అవ్వాలి, దానికి నిమిషాలు పడుతుంది. గైడ్ పూర్తిగా నిండటానికి ఇంకా ఎక్కువ పడుతుంది. రాత్రి రికార్డింగులు పోతాయి. తిరుగుతున్న డిస్క్‌కి రోజూ హఠాత్తుగా కరెంటు తీయడం మంచిది కాదు. ఆ స్ట్రిప్‌కి ఒక మంచి ఉపయోగం ఉంది: బాక్స్ బిగుసుకుపోయినప్పుడు, కస్టమర్ ఇంటికి వెళ్లకుండా ఒకసారి కరెంటు తీసి పెట్టడం. దాన్ని రోజూ వాడే స్విచ్ చేయకూడదు.

నన్ను ఆలోచింపజేసే వాదనలు

అందరి అభ్యంతరాలూ కరెంటు బిల్లుతో తీరిపోవు. కేబుల్ నెట్‌వర్క్ గురించి తెలిసిన స్నేహితుడొకరు ఒక మాటన్నారు. స్విచ్డ్ డిజిటల్ వీడియో పెట్టిన చోట్ల, ఆ వీధుల్లో ఎవరో ఒకరు చూస్తున్న చానెల్‌నే కేబుల్ వాళ్లు పంపుతారు. ఎవరూ చూడకపోతే ఆ చోటు ఇంకో చానెల్‌కి ఇస్తారు. నువ్వు బాక్స్‌ని ఏదో చానెల్ మీద రాత్రంతా వదిలేస్తే, ఎవరూ చూడని చానెల్ ఆ చోటుని పట్టుకుని కూర్చుంటుంది. వ్యూయర్‌షిప్ లెక్కలు వేసేవాళ్లకీ ఇదే తలనొప్పి: టీవీ ఆపేసి ఉన్నా బాక్స్ మాత్రం ఆ ఇంట్లో రాత్రంతా వార్తలు చూశారని చెబుతుంది.

ఇది నాకు సమంజసమైన అభ్యంతరంగానే తోచింది. దానికి కేబుల్ వాళ్లు వెతుక్కున్న పరిష్కారం కూడా బాక్స్ లోపలే ఉంది. కొన్ని గంటలు ఏ కీ నొక్కకపోతే 'ఇంకా చూస్తున్నారా' అని తెర మీద అడుగుతారు, జవాబు రాకపోతే చానెల్‌ని వదిలేస్తారు. పొరుగువాళ్ల బ్యాండ్‌విడ్త్ కోసమైనా, గురి తప్పే అవకాశం ఉన్న టాగుల్ కోడ్ కన్నా ఈ టైమర్ నమ్మదగింది.

వేడి సంగతి ఇంకో అభ్యంతరం. తలుపులున్న అలమరలో బాక్స్ పెట్టి ఎప్పుడూ ఆన్‌లో ఉంచితే లోపల కొలిమిలా అవుతుంది. నిజమే. పాత డీవీఆర్ ఆఫ్‌లో ఉన్నా దాదాపు అంతే వేడి పుట్టిస్తుందన్నది కూడా నిజం. అలమరకి గాలి ఆడే దారి, వేడిని బట్టి తిరిగే ఫ్యాను పెట్టాల్సిందే. పవర్ బటన్‌తో ఆ ఖర్చు తప్పించుకోలేం.

హెచ్‌డీఎంఐ సీఈసీ ఉండగా ఇంత గొడవెందుకు అని అడుగుతారు. టీవీ ఆపితే హెచ్‌డీఎంఐ తీగ మీద స్టాండ్‌బై ఆదేశం వెళ్తుంది, సీఈసీ తెలిసిన బాక్స్ దానంతట అది పడుకుంటుంది. టీవీ, సౌండ్‌బార్, ఒక బాక్స్ ఉన్న గదిలో ఇది హాయిగా నడుస్తుంది, అక్కడ కస్టమ్ రిమోట్ అక్కర్లేదని నేనే చెబుతాను. అయిదారు పరికరాలు రిసీవర్‌లో కలిసే థియేటర్‌లో మాత్రం ఒకటి స్టాండ్‌బై అంటే మిగతావన్నీ పడుకోవడం, గేమ్ ఆడుతున్న పిల్లాడి తెర మీదికి హఠాత్తుగా కేబుల్ బొమ్మ రావడం చూశాను. ప్రాసెసర్ ఒకవైపు, సీఈసీ ఒకవైపు ఆదేశాలిస్తుంటే ఎవరి మాట చెల్లుతుందో చెప్పలేం. అందుకే మాలో చాలామంది పెద్ద సిస్టమ్‌లలో సీఈసీని ఆపేస్తారు.

నాకు ఎక్కువ ఊరటనిచ్చేది స్ట్రీమింగ్ బాక్సుల పద్ధతి. రోకు ప్లేయర్లలో చాలావాటికి ఆఫ్ అన్నదే లేదు. యాపిల్ టీవీ కాసేపు చూసి దానంతట అదే నిద్రపోతుంది, ఏ బటన్ నొక్కినా లేస్తుంది. వాటి పవర్ గురించి నాకు ఒక్క ఫోన్ కూడా వచ్చినట్టు గుర్తులేదు. కేబుల్ బాక్స్‌ని కూడా అలాగే చూసుకుంటే చాలు.

లేపే కీని పట్టుకోవడం

చాలా కేబుల్ బాక్సులకి పవర్ కాకుండా ఇంకేదో కీ నొక్కినా లేచే గుణం ఉంటుంది. కొన్నిటికి అంకెలు, కొన్నిటికి గైడ్, కొన్నిటికి ఎగ్జిట్, కొన్నిటికి సెలెక్ట్. కొన్నిటిలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ గుణాన్ని తెరవాలి. అది ఏ కీయో తెలుసుకోవడానికి పుస్తకాలు వెతకను. బాక్స్ మీదున్న బటన్‌తోనే దాన్ని ఆపి, ఒక్కో కీ పంపి చూస్తాను. లేచిందంటే పని సగమే అయినట్టు. బాక్స్ ఆన్‌లో ఉన్నప్పుడు కూడా అదే కీ పంపి, ఏమీ చెడగొట్టడం లేదని చూడాలి. అంకెలతో లేపితే చూస్తున్న చానెల్ మారిపోయే ప్రమాదం ఉంది. గైడ్‌తో లేపితే తెర మీద గైడ్ పరుచుకుంటుంది, మాక్రో చివర ఎగ్జిట్ పంపి మూసేయాలి. ఎగ్జిట్ ఒక్కదానికే లేచే బాక్స్ దొరికితే అంతకన్నా కావలసింది లేదు.

మాక్రోలో లేపే కీని అన్నిటికన్నా ముందు పెడతాను. టీవీ వెలిగి, రిసీవర్ ఇన్‌పుట్ మారేలోపు బాక్స్ బొమ్మతో సిద్ధంగా ఉంటుంది. 'సిస్టమ్ ఆఫ్'లో బాక్స్‌కి ఏమీ పంపను. కామ్‌కాస్ట్ కేబుల్ కంపెనీ ఎక్స్1 బాక్స్ లాంటి వాటి సెట్టింగ్స్‌లో పవర్ సేవర్ ఉంటే దాన్ని ఆన్‌లోనే ఉంచుతాను. పాత అలవాటు కొద్దీ దాన్ని తీసేసి బాక్స్‌ని రాత్రంతా మేలుకోబెట్టే ఇన్‌స్టాలర్లతో నాకు పేచీ ఉంది. లేపే కీ పనిచేస్తున్నప్పుడు బాక్స్ నిద్రకి అడ్డుపడటం దేనికి?

ఇదే కిటుకుతో ఆఫ్ కూడా తయారుచేయొచ్చని కొందరు చూపిస్తారు: ముందు లేపే కీ, తర్వాత పవర్ టాగుల్. ముందు కచ్చితంగా ఆన్‌లోకి తెచ్చి అప్పుడు ఆపడం కాబట్టి లెక్క తప్పదు. ఐఆర్ ప్రోగ్రామింగ్‌గా అది చక్కటి ఆలోచనే. అయినా నేను వాడను. మొదటి కోడ్ అందకుండా రెండోది అందితే మళ్లీ మొదటికొస్తాం. అసలు ఆపి సాధించేది ఆ కొద్ది వాట్లే.

ఇక మిగిలినవి, పవర్ బటన్‌కి తప్ప దేనికీ లేవని బాక్సులు. అరుదుగానైనా ఎదురవుతాయి. అప్పుడు మాత్రం దాని ఆటో స్లీప్‌ని సెట్టింగ్స్‌లో ఆపేసి ఎప్పుడూ ఆన్‌లో ఉంచడం తప్ప వేరే దారి కనబడలేదు. ఇంటివాళ్లకి ఆ మాట, దానివల్ల పెరిగే ఖర్చు ముందే చెబుతాను. కొత్త మోడల్ బాక్స్ ఇమ్మని కేబుల్ వాళ్లని అడగమంటాను. అద్దె పెట్టే కాబట్టి మార్పించుకోవచ్చు. రిమోట్‌లో బాక్స్ పవర్ బటన్‌ని రెండో పేజీలో విడిగా పెట్టి, కరెంటు పోయి వచ్చిన రోజు బొమ్మ రాకపోతే అదొక్కటీ నొక్కమని చెబుతాను.

లేపే కీని ప్రతి మాక్రోలోనూ విడివిడిగా రాయకుండా ఒక్క చోట రాసి, మిగతా మాక్రోలన్నీ దాన్నే పిలిచేలా పెడుతున్నాను. రాత్రికి రాత్రి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ దిగి నిన్నటిదాకా ఎగ్జిట్‌కి లేచిన బాక్స్ ఇవాళ గైడ్‌కి మాత్రమే లేవొచ్చు. అప్పుడు మార్చాల్సింది ఆ ఒక్క చోటే.